ఒక్క దేవుని సంఘం

పాస్టరు గారు కలం మూత తీశారు. తెల్ల కాగితం మీద తేదీ వేసి, నా తమ్ముడి పేరు, మరదలి పేరు రాసి, "పాప పేరేమిటమ్మా?" అని అడిగారు. ఇంకా పెట్టలేదని చెప్పాను. ఆయన చిన్నగా నిట్టూర్చి 'రెండు రోజుల ఆడశిశువు' అని రాసుకున్నారు. ఇంకో రెండు వాక్యాలు రాసి, సంతకం పెట్టి, ముద్ర గుద్దితే అయిపోయేది. ఆ ఉత్తరం పట్టుకుని ఆస్పత్రి మార్చురీకి పోతే పాపను మా చేతికిచ్చేవాళ్ళు. ఊరి బయట ఉన్న క్రైస్తవుల శ్మశానంలో పూడ్చుకుని సాయంత్రానికి ఇంటికి చేరేవాళ్ళం.

అప్పుడు ఆయన మాటవరసకు అడిగారు.

"మీది ఏ సంఘం అమ్మా? లూథరనా, బాప్టిస్టా?"

ఏదో ఒకటి అంటే సరిపోయేది. బుద్ధున్న వాళ్ళెవరైనా అదే చేస్తారు. పక్క కుర్చీలో నా తమ్ముడు చిరంజీవి తల వంచుకుని కూర్చున్నాడు. వాణ్ని అడిగి ఉంటే 'బాప్టిస్టండీ' అనేవాడేమో. నేను వాడికి సందివ్వలేదు. నాకు యాభై మూడేళ్ళు. వెస్ట్ బేలో ఒక క్లినిక్‌లో ఆపరేషన్ సామాన్లు శుభ్రం చేసే విభాగానికి సూపర్‌వైజర్ని. ఇరవై ఏళ్ళుగా ఈ గల్ఫ్ దేశంలో బతుకుతున్నదాన్ని, ఎక్కడ నోరు మూసుకోవాలో తెలియక కాదు. కానీ మా చర్చి సంగతి ఎవరైనా అడిగితే మాత్రం నాకు పూనకం వస్తుంది.

"మేం యూనిటేరియన్లం సార్," అన్నాను. "రాళ్ళపేట. ఒక్క దేవుని సంఘం."

కలం ఆగింది. "అంటే?" అన్నారాయన.

ఆ 'అంటే' చాలు నాకు. మొదటి నుంచి మొదలుపెట్టాను.

మా సంఘానికి మూలపురుషుడు జీనుల యాకోబు. సికింద్రాబాదు కంటోన్మెంటులో దొరల గుర్రాలకు జీనులు కుట్టేవాడు. వేదం, అంటే బైబిలు, చదవడానికే అక్షరాలు నేర్చుకున్నాడట. చదివి చదివి ఒక రోజు దొర పాదిరిని అడిగాడు. దేవుడు ఒక్కడే అని ఇక్కడ ఉంది, తండ్రి, కొడుకు, ఆత్మ, ముగ్గురూ దేవుడే అని మీరంటున్నారు, ఆ మాట ఏ పేజీలో ఉందో చూపించండి అని. పాదిరి నమ్మమన్నాడు. నమ్మకం కుదరనిది కుదిరినట్టు ఎట్లా చెప్పను దొరా అన్నాడు యాకోబు. ఆయన లెక్కలో ఏసు దేవుడు కాడు. దేవుడు పంపిన మంచి మనిషి. సంఘం నుంచి వెలివేశారు. ఆ నెలలోనే ఆయన పసిబిడ్డ చనిపోయింది. ముగ్గురున్నారని ఒప్పుకుంటేనే చర్చి శ్మశానంలో చోటు అన్నారు. ఆయన బిడ్డను భుజాన వేసుకుని రాళ్ళపేటలో తన రెండెకరాల చెలకకు నడిచిపోయి అక్కడ పూడ్చాడు. ఆ గోరీ పక్కనే రాతి గోడలు లేచాయి. అదే మా చర్చి. నూట ఎనభై ఏళ్ళు దాటింది.

లోపల సిలువ ఉండదు. ఆరాధన జరిగినంతసేపూ ఒక మట్టి గిన్నెలో దీపం వెలుగుతూ ఉంటుంది. వానలు మొదలయ్యాక ఒక ఆదివారం అందరూ తలా ఒక పువ్వు తెచ్చి బల్ల మీద పెడతారు, పోయేటప్పుడు ఇంకొకరి పువ్వు తీసుకుపోతారు. ఆ సంవత్సరం పుట్టిన పిల్లలకు పేర్లు పెట్టేది ఆ రోజే. సాక్ష్యాల పుస్తకం అని ఒకటుంది. పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళు, పెళ్ళి చేసుకుని మా సంఘంలోకి వచ్చినవాళ్ళు, తాము ఏది నమ్ముతారో, ఏది నమ్మరో స్వహస్తంతో అందులో రాయాలి. ఎవరు ఏం రాసినా ఎవరూ కాదనరు. చచ్చిపోతే గోరీ దగ్గర ఆ పేజీ చదువుతారు. ఒక మాట కలపరు, ఒక మాట తియ్యరు. పాటలో ఏ వాక్యం నమ్మకపోతే ఆ వాక్యం దగ్గర నోరు మూసుకోవడం మా ఆచారం. అందుకే మా చర్చిలో పాటలు పళ్ళూడిన ముసలమ్మ మాట్లాడినట్టుంటాయి, మధ్య మధ్య ఖాళీలు. నలభై ఇళ్ళు, నలభై ఒక్క అభిప్రాయాలు అని ఊళ్ళో వాళ్ళు నవ్వుతారు.

ఇదంతా చెప్పేసరికి అరగంట పట్టింది. పాస్టరు గారు మధ్యలో అడ్డు రాలేదు. భీమవరం వైపు మనిషి, నెమ్మదస్తుడు. నేను ఆపాక కలానికి మూత పెట్టారు.

"అమ్మా, మిమ్మల్ని తప్పు పట్టట్లేదండీ. కానీ ఈ కాగితం మీద నేను 'వీరు మా విశ్వాసానికి చెందినవారు' అని రాసి సంతకం పెట్టాలి. కాదని మీరే ఇంతసేపూ చెప్పారు. తెలిశాక అబద్ధం ఎలా రాస్తానండీ?"

నా కత్తి నాకే గుచ్చుకున్నట్టయింది. అయినా ఆయన మనసు మంచిది. ఒక దారి చూపించారు. తల్లీ తండ్రీ వచ్చి ఇద్దరు పెద్దల ఎదుట విశ్వాస ప్రమాణం చదవాలి. తండ్రిని, కుమారుని, పరిశుద్ధాత్మను నమ్ముతున్నామని చెప్పి సంతకం చేస్తే వాళ్ళు తమ సంఘం వాళ్ళవుతారు, పాప తమ సంఘం బిడ్డ అవుతుంది. "నిమిషం పనేనండీ," అన్నారు.

"నిమిషం పని కాదు సార్. నూట ఎనభై ఏండ్ల పని," అని లేచాను.

చిరంజీవి కూడా లేచాడు. నేను లేస్తే వాడు లేస్తాడు, చిన్నప్పటి నుంచీ అంతే. అమ్మ పోయినప్పుడు వాడికి ఆరేళ్ళు. చర్చి తాళాలు నాన్న చేతిలో ఉండేవి, తమ్ముడు నా చంకలో ఉండేవాడు.

బయట ఎండ మండిపోతోంది. చర్చిలన్నీ ఉన్న ఆ ఆవరణ గేటు దగ్గర ఫసీయుద్దీన్ భాయ్ కారులో కాచుకుని ఉన్నాడు. నిజామాబాద్ మనిషి. ఫరీజ్ బిన్ మహమూద్ పేటలో మాతో ఒకే ఫ్లాట్ పంచుకుని ఉండే కుటుంబం వాళ్ళది. రెండు గదులు వాళ్ళవి, ఒక గది మాది, వంటిల్లు ఇద్దరిదీ. మా ముఖాలు చూసి ఏసీ పెంచాడు.

చిరంజీవి అల్ ఖోర్ దగ్గర గ్యాస్ ప్లాంటులో వెల్డింగ్ ఫోర్‌మన్. కంపెనీ క్యాంప్‌లో ఉంటాడు, వారానికోసారి బస్సెక్కి వస్తాడు. పెళ్ళయిన ఏడేళ్ళకు వాడి భార్య అనంతలక్ష్మికి కడుపు పండింది. ఆస్పత్రి దగ్గరని ఆమె నా గదిలోనే ఉంది. ఎనిమిదో నెల నిండకుండానే రక్తపోటు పెరిగి ఆదివారం నాడు కోసి పాపను తీశారు. మంగళవారం తెల్లవారుజామున పాప పోయింది. రాత్రీ పగలూ గాజు పెట్టెలోనే ఉంది. తల్లి ఒక్కసారే తాకింది, అదీ చేతి తొడుగు మీద నుంచి. ఇదిగో, ఇది బుధవారం.

ఇంటికి వచ్చేసరికి జహనారా అనంతలక్ష్మికి గంజి తాగిస్తోంది. జహనారా ఫసీ భాయ్ భార్య. సంగతి నేను చెప్పాను. అంతా విని ఆమె గిన్నె కింద పెట్టింది.

"రాణి ఆపా, మీరు గూడ అల్లా ఒక్కడే అంటరు గదా. ఈసా అలైహిస్సలాం మనిషే, దేవుడు కాదంటరు. మేం గూడ గదే అంటం. మా ఖబ్రస్తాన్‌ల పెట్టనీకి మా ఆయన ఇమాం సాబ్‌ను అడుగుతడు. పసిబిడ్డ, ఎవరు కాదంటరు?"

"మీ మాట సగమే మా మాట జహనా. తక్కిన సగం నేను ఒప్పుకున్నట్టు చెప్తే అది గూడ అబద్ధమే అయితది."

"ఇయ్యాలటికి సగం చాలదా ఆపా?"

ఆమె నన్ను ఒకసారి తేరిపార చూసి వంటింట్లోకి పోయింది.

అనంతలక్ష్మి గోడకు ఆనుకుని కూర్చుంది. సిరిసిల్ల పద్మశాలీల పిల్ల. మా సంఘంలోకి పెళ్ళి చేసుకుని వచ్చినప్పుడు సాక్ష్యాల పుస్తకంలో ఏం రాస్తావమ్మా అంటే కాసేపు ఆలోచించి 'నాకు తెల్వదు' అని రెండు ముక్కలు రాసి సంతకం పెట్టింది. పెద్దలు సంతోషించారు, నిజం రాసిందని. అప్పుడు నేనూ మెచ్చుకున్నాను.

"ఎప్పుడు తీస్కపోతరు వదినా?" అంది.

చెప్పాను. నిమిషం పని అన్న మాట కూడా చెప్పాను, కోపంగా.

"గంతేనా? చదువుత. ఏం చదవాల్నో రాసియ్యమనుండ్రి."

"నమ్మకుండ ఎట్ల చదువుతవు? అబద్ధమైతది."

"ఎవరికి అబద్ధమైతది?"

ఆ ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పగలిగిన దాన్ని నేను. చిన్నప్పటి నుంచి ఆదివారం బడిలో అదే చెబుతూ పెరిగాను. నోటితో ఒకటి, మనసులో ఒకటి ఉంటే దేవుడికి, మనిషికి మధ్య వంతెన కూలిపోతుంది అని. అదే చెప్పాను. ఆమె వింది. విన్నట్టే ఉంది.

"మనకు వేరే దారి ఉన్నది," అన్నాను. "రాళ్ళపేట పంపుదాం. యాకోబు బిడ్డ పక్కన్నే పెడుదాం. మనోళ్ళందరు నిలబడి దీపం ముట్టిస్తరు. ఒక్క అబద్ధం అక్కర లేదు."

"నేనెప్పుడు పోత?"

"కుట్లు మాని, విమానం ఎక్కొచ్చని డాక్టర్ అన్నంక. నెల పడతది."

"మల్ల పాప?"

"పాప ముందుగాల పోతది. కార్గోల."

"ఒక్కతేనా?"

చిరంజీవి గోడ వైపు చూస్తూ అన్నాడు, "ప్లాంట్ షట్‌డౌన్ నడుస్తున్నది. అయ్యేదాక లీవు మాఫీ, ఇయ్యం అన్నరు."

అనంతలక్ష్మి నైటీ ఛాతీ దగ్గర తడిసింది. పాలు పడుతున్నాయి. ఆమె చూసుకుని చున్నీ కప్పుకుంది. నేను చూడనట్టు నటించాను. అబద్ధమంటే పడని నేను, అట్లాంటివి బాగానే నటించగలను.

"వదినా," అంది తర్వాత. "యాకోబు తాత బిడ్డను చెల్కల పూడుస్తనన్నప్పుడు ఆయన భార్య ఏమన్నది?"

"ఏమంటది? ఆయన మాటే ఆమె మాట."

"ఎవరు చెప్పిన్రు? పుస్తకంల ఆమె పేజీ ఉన్నదా?"

లేదు. మొదటి పేజీ యాకోబుది. తర్వాత ఆరుగురు మగవాళ్ళవి. ఆడవాళ్ళ చేత రాయించడం మొదలైంది చాలా ఏళ్ళ తర్వాత. ఆమె పేరేమిటో కూడా మాకెవరికీ తెలియదు. యాభై మూడేళ్ళలో ఆ ప్రశ్న నాకు రాలేదు, నిన్న గాక మొన్న వచ్చిన ఈ పిల్లకు వచ్చింది. దాంతో నాకు ఒళ్ళు మండిపోయింది.

"'నాకు తెల్వదు' అని రాసినదానివి, సంఘం విలువ నీకేం తెలుస్తది?" అన్నాను.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. అన్నాను. ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. చిరంజీవి ఆమె పాదాల దగ్గర కూర్చున్నాడు. వాడి మౌనాన్ని నేను నా వైపు లెక్క వేసుకున్నాను.

మర్నాడు వాడు బస్సెక్కి అల్ ఖోర్ పోయాడు. నేను పనిలో దిగాను. పని చేయడంలో నన్ను మించినవాళ్ళు లేరు. ఆస్పత్రి నుంచి మరణ పత్రం, దానికి ఇంగ్లీషు తర్జుమా, ఎంబసీలో ముద్ర, పాపకు పాస్‌పోర్టు లేదు గనక దాని బదులు ఇంకో కాగితం. క్లినిక్‌లో మధ్యాహ్నం గంట అడిగి బయటపడి, ట్యాక్సీల్లో తిరిగి, ఒక్కో కాగితం సంపాదించి నీలం ఫైలులో పెట్టాను. శుక్ర, శనివారాలు ఆఫీసులు మూసి ఉంటే ఇంట్లో కాలు కాలిన పిల్లిలా తిరిగాను. అనంతలక్ష్మి తినమంటే తినేది, లేవమంటే లేచేది. నాతో మాట్లాడేది కాదు. జహనారా ఆమె ఛాతీకి పాత దుపట్టా బిగించి కట్టేది, పాలు ఇంకిపోవాలని. తలుపు వేసుకుని ఇద్దరూ ఏదో మాట్లాడుకునేవాళ్ళు. నేను లోపలికి వస్తే ఆపేవాళ్ళు.

శనివారం రాళ్ళపేటకు ఫోన్ చేశాను. సంఘ పెద్దకు ఎనభై దాటాయి, గొంతు మాత్రం గట్టిది.

"రేపే తవ్విస్త బిడ్డా. శంషాబాద్‌కు బండి తీసుకొని నేనే వస్త. ఆ యాకోబు తలవంచలె, మీరు తలవంచలె. దుబాయ్‌ల ఉండి గూడ సంఘం పరువు నిలబెట్టినవు."

ఇది దుబాయ్ కాదు పెద్దనాన్నా అని అన్లేదు. అందరికీ ఇదంతా దుబాయే. నిజం చెప్పాలంటే ఆ మాట విని నాకు సంతోషం వేసింది. పాప పోయిన అయిదో రోజున నాకు సంతోషం వేసింది. ఇది రాసుకోవడానికి సిగ్గుగా ఉన్నా, నిజం కాబట్టి రాస్తున్నాను.

ఆదివారం కార్గో ఆఫీసుకు పోయాను. అక్కడి గుమస్తా మంచివాడే, గొంతు తగ్గించి మాట్లాడాడు. చిన్న సైజు పెట్టె సిద్ధంగా లేదన్నాడు. పెద్దవాళ్ళ పెట్టెలో పెట్టి చుట్టూ దూది, గుడ్డలు కూరుతామన్నాడు. కదలకుండా గట్టిగానే కూరుతాం మేడమ్, భయం లేదు అన్నాడు. మంగళవారం రాత్రి విమానం ఖాయం చేశాడు. తల్లి సంతకం ఒకటి కావాలని ఒక ఫారం ఇచ్చాడు. ఆ పెద్ద పెట్టె సంగతి ఇంట్లో చెప్పకూడదని దారిలో అనుకున్నాను.

సోమవారం మధ్యాహ్నం ఆ ఫారం పట్టుకుని గదికి వచ్చాను. మంచం ఖాళీగా ఉంది. దుప్పటి మడత పెట్టి ఉంది. కుట్లు ఇంకా పచ్చిగా ఉన్న మనిషి, బాత్రూమ్‌కు పోవాలన్నా గోడ పట్టుకుని నడిచే మనిషి. జహనారా గది కూడా తాళం వేసి ఉంది. చిరంజీవికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. మూడోసారి ఫసీ భాయ్ ఎత్తాడు.

"ఆపా, పరేషాన్ కాకుండ్రి. అందరం కలిసే ఉన్నం. చర్చి పని అయిపోయింది, పాపను గూడ తీసుకున్నం. ఇప్పుడు ఖబ్రస్తాన్ పోతున్నం. మీరు గూడ రాండ్రి."

"చిరంజీవి?"

"ఉన్నడు. సైట్ నుంచి సీదా వచ్చిండు."

ట్యాక్సీలో కూర్చున్నాక గమనించాను, ఫారం నా చేతిలోనే ఉంది. డ్రైవర్ నేపాలీ కుర్రాడు. యల్లా యల్లా అని వాణ్ని తొందర పెట్టాను. దారంతా ఏం తిట్టాలో మాటలు పేర్చుకుంటూ పోయాను. తమ్ముడికి కొన్ని, జహనారాకు కొన్ని, అనంతలక్ష్మికి అన్నింటికంటే పెద్దవి.

శ్మశానం అంటే నాలుగు గోడలు, మధ్యలో తెల్లటి కంకర. పేర్లున్న రాళ్ళు కొన్ని, నంబర్లు మాత్రమే ఉన్నవి కొన్ని. దూరంగా ఒక మూల చిన్న చిన్న గుంతల వరుస. అక్కడ నిలబడి ఉన్నారు వాళ్ళు. పాస్టరు గారు, ఇద్దరు సంఘ పెద్దలు, కొంచెం ఎడంగా ఫసీ భాయ్. చిరంజీవి ఒంటి మీద సైటు బట్టలే ఉన్నాయి, మెరిసే పట్టీలతో. వాడి రెండు చేతుల్లో తెల్లటి చిన్న పెట్టె. చెప్పుల పెట్టె కంటే కాస్త పెద్దది. ఆ సైజు పెట్టె వీళ్ళకు ఒక్క పూటలో ఎట్లా దొరికిందో. అనంతలక్ష్మి ఒక చేత్తో పొత్తికడుపు పట్టుకుని ఇంకో చేత్తో జహనారా భుజం పట్టుకుని నిలబడింది. నన్ను చూసింది. చూపు తిప్పుకోలేదు.

ఎవరూ నా కోసం ఆగలేదు. పెట్టె కిందికి దించారు. పాస్టరు గారు ప్రార్థన మొదలుపెట్టి, "ప్రభువా, ఈ చిన్నారి ముత్యాన్ని నీ సన్నిధికి చేర్చుకో" అన్నారు. ముద్దుగా అంటున్నారనుకున్నాను. రెండోసారి "చిరంజీవి, అనంతలక్ష్మిల కుమార్తె ముత్యం" అన్నప్పుడు తెలిసింది, అది పేరని. నా మేనకోడలి పేరు మొదటిసారి పరాయి మనిషి నోట విన్నాను.

తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామమున అని ఆయన మట్టి వేశారు. ఆమేన్ అన్నారు అందరూ. చిరంజీవి అందరికంటే గట్టిగా అన్నాడు. నాతో పాటు నాన్న పక్కన నిలబడి, నమ్మని మాట దగ్గర పెదాలు బిగించడం నేర్చుకున్నవాడు. జహనారా పెదాలు తన ప్రార్థన తాను చేసుకుంటూ కదిలాయి. నాకు నోరు తెరుచుకోలేదు. పంతం కాదు, అప్పుడు పంతం ఏమీ లేదు. అనాలని కూడా అనిపించింది. నాలుక అలవాటు మానలేదు.

మట్టి పూడ్చడం ఎంతోసేపు పట్టలేదు. చిన్న గుంత. పెద్దలు చిరంజీవి భుజం తట్టి పోయారు. పాస్టరు గారు నా దగ్గరికి వచ్చి, తల వంచి నమస్కారం పెట్టి పోయారు. ఫసీ భాయ్ కారు తేవడానికి వెళ్ళాడు. అనంతలక్ష్మి ఇక నిలబడలేక పక్కనున్న సిమెంటు గట్టు మీద కూలబడింది. నేను పోయి ఎదురుగా నిలబడ్డాను. పేర్చుకున్న మాటలన్నీ ఉన్నాయి. ఒక్కటీ వాటంగా దొరకలేదు.

చిరంజీవే ముందు అన్నాడు, కిందికి చూస్తూ. "నీకు చెప్తె పోనియ్యవు అక్కా. గందుకే చెప్పలె."

"చదివినవా?" అని అడిగాను అనంతలక్ష్మిని.

"చదివిన."

"అన్నీ?"

"అన్నీ. సారు ఒక్కో మాట చెప్పిండు, నేను అన్న. ముగ్గురన్నరు, ముగ్గురన్న. ముప్పై మంది అనమన్నా అందును."

గొంతులో కోపం లేదు. అలసట ఉంది. నా చేతిలోని ఫారం చూసి చెయ్యి చాపింది. ఇచ్చాను. మెల్లగా చదివింది. ఇంగ్లీషులో బరువు, పొడవు, పెట్టెలు ఎన్ని అని ఉన్న గడులు. ఒక పెట్టె అని నేనే నింపాను. మడిచి నాకే తిరిగి ఇచ్చింది.

"మీ దేవుడు ఒక్కడే గదా వదినా. ఉండనియ్యి. ఆయన పెద్దోడు, ఒక్కడు ఉండగలడు. నా బిడ్డ రెండు దినాలు గాజు డబ్బల ఒక్కతే ఉన్నది. ఆరు దినాలు ఐసుల ఒక్కతే ఉన్నది. మల్ల విమానం కింద గూడ ఒక్కతే పోవాల్నంటివి."

"అట్ల కాదు, రాళ్ళపేటల అందరు..."

"రాళ్ళపేటల ఉంటరు. నడుమ ఎవరుంటరు?" అని జహనారా చెయ్యి పట్టుకుని లేవబోయింది. నొప్పికి ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ అంది. "ఈయనకు లీవు లేదు. నాకు కుట్లు. ఎదురుచూసిన వదినా. బుధారం నుంచి ఎదురుచూసిన. నేను ఎంట పోత అని నువ్వు ఒక్క మాట అంటవేమోనని."

వాళ్ళు కారు వైపు నడిచారు. చిరంజీవి ఒక చెయ్యి, జహనారా ఒక చెయ్యి పట్టుకున్నారు. నేను అక్కడే నిలబడ్డాను.

క్లినిక్‌లో నా పేరు మీద ఇరవై ఆరు రోజుల సెలవు ఉంది. అడిగితే ఆ రోజే ఇస్తారు. ఆ అయిదు రోజుల్లో ఎంబసీ గుర్తుకు వచ్చింది, కార్గో గుర్తుకు వచ్చింది, యాకోబు గుర్తుకు వచ్చాడు. పాప వెంట నేను పోవచ్చన్నది ఒక్కసారి కూడా తట్టలేదు.